ఆవిరక్క నోట్లో చక్కెర

ఇస్త్రీ హాల్లో రెండు రకాల ఆవిరి ఉండేది. ఒకటి మెషీన్లలోంచి వచ్చేది, రెండోది ఆవిరక్కలోంచి వచ్చేది. మొదటిదానికి గోడమీద ఓ చక్రం ఉంది, తిప్పితే తగ్గుతుంది. రెండోదానికి అలాంటి ఏర్పాటేమీ లేదని లాండ్రీలో చేరినవాళ్లందరూ మొదటి వారంలోనే తెలుసుకునేవారు.

ఆ లాండ్రీకి హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల పక్కగుడ్డలు, భోజనశాలల బల్లగుడ్డలు మూటలు మూటలుగా వచ్చేవి. ఉతికి, పిండి, ఆరీ ఆరకుండా హాల్లోకి తోస్తే, అక్కడ పెద్ద రోలర్లు వాటిని నున్నగా నొక్కి అవతలికి పంపేవి. పెళ్లికి ముందు మడతలు పెట్టడానికి చేరిన ఆవిరక్క, జుట్టు సగం నెరిసేసరికి ఆ హాలుకు పెద్దదిక్కైంది. చదువు లేదు, సిఫారసు లేదు. ఉన్నదల్లా నోరు. దాన్ని ఆమె ఎన్నడూ సొంతానికి వాడుకోలేదు. హాల్లో వేడిగాలి లాగే ఫ్యాను ఆమె మూడు వేసవులు అరిస్తే వచ్చింది. తాగేనీళ్ల కుండీ ఆమె ఒకనాడు అరిస్తేనే వచ్చింది. నెలలు నిండిన పిల్లకు కూర్చుని మడతపెట్టే పని ఇవ్వాలన్న పద్ధతి కూడా ఆ గొంతులోంచి వచ్చిందే. ఆవిరక్క కోపం తెచ్చుకుందంటే హాల్లో ఆడవాళ్లు ఎవరికి మూడిందా అని చూసేవారు గాని, ఎందుకొచ్చిందని అడిగేవారు కాదు. ఊరికే రాదని అందరికీ తెలుసు.

అలాంటి కోపాన్ని ఒక ఏడాదిలో చెంచాడు చక్కెరతో చల్లార్చేశారు. చల్లార్చినవాళ్లు పగవాళ్లు కారు. కట్టుకున్న మొగుడు, మొగుడి చెల్లెలు.

మొగుడు గోడౌన్లో స్టోరుకీపరుగా చేసి రిటైరైన మనిషి. నిమ్మకు నీరెత్తినట్టుండే స్వభావం. ఆయన జీవితం మొత్తానికి ఒకటే సూత్రం: పాత సరుకు ముందు పోవాలి, కొత్త సరుకు వెనకాల నిలబడాలి. ఉద్యోగం వదిలినా సూత్రం వదల్లేదు. పాత సబ్బు అద్దంలా పలచబడేదాకా కొత్త సబ్బు కాగితం విప్పనివ్వడు. నిన్నటి కూర అయ్యాకే ఇవాళ్టి కూర. అందువల్ల ఆ ఇంట్లో ఏ రోజు కూర ఆ రోజు తిన్న పాపాన ఎవరూ పోలేదు.

ఆవిరక్కకు షుగరు పాతదే. చాలాకాలం మాత్రలతో నెట్టుకొచ్చింది. పొద్దున ఒక లావుపాటి మాత్ర, ఒక చిన్న మాత్ర, రాత్రి మళ్లీ ఒక లావుది. నిరుడు వానాకాలంలో కాలివేలి మీద పుండు ఒకటి మానక సతాయిస్తే, డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, ఇంక మాత్రలొక్కటే చాలవు, ఇన్సులిన్ కూడా కలపాలంది. పొద్దున టిఫినుకు ముందు ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి పొట్టమీద సూది. వేసుకున్నాక తినడం మానకూడదు. లావు మాత్ర మానొద్దు, అదీ ఇన్సులినూ కలిసి పనిచేస్తాయి. చిన్న మాత్ర మాత్రం ఇవాళ్టితో ఆపెయ్యాలి, అది కూడా ఇన్సులిన్ లాగే షుగరును కిందికి గుంజుతుంది, రెండూ కలిసి గుంజితే మనిషి పడిపోతుంది. ఇంత వివరంగానూ చెప్పింది. మొగుడూ పెళ్లాలూ ఇద్దరూ తలలూపారు.

ఊపారు గాని, ఆవిరక్క మనసు అప్పుడు సూది మీద ఉంది. నలభై మంది ఆడవాళ్లను గడగడలాడించే మనిషి, పెన్నులాంటి ఆ సూదిని చూసి మొదటి రోజు స్నానాలగదిలో గడియ పెట్టుకుని కూర్చుంది. మొగుడు తలుపవతల నిలబడి ధైర్యం చెప్పాడు, ఆయన గొంతే వణికింది. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. సూది ఆమె వేసుకుంటుంది, మాత్రల సంగతి ఆయన చూసుకుంటాడు. ఆయన రోజూ పొద్దున చిన్న గిన్నెలో మాత్రలు వేసిచ్చేవాడు, ఆమె చూడకుండా మింగి పనికి పరుగెత్తేది. ఇంట్లో చిన్న మాత్రల షీట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. అవి పాత సరుకు. మిగతాది మీరు ఊహించుకోగలరు. ఆమె మాత్రం ఊహించుకోలేదు.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, సెలవురోజు, తలుపు పక్కనున్న బకెట్టు కాలికి తగిలిందని ఆవిరక్క మొగుణ్ణి పట్టుకుని తిట్టడం మొదలుపెట్టింది. బకెట్టుతో మొదలై అత్తగారి దాకా, అత్తగారి నుంచి పెళ్లినాటి ఫోటోలో ఆయన నవ్వకపోవడం దాకా వెళ్లింది. తిడుతూ తిడుతూ చెమటతో తడిసిపోయింది, చేతులు వణికాయి, ఆఖరికి బకెట్టును ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. పక్కవాటాలో ఉండే నర్సు వచ్చి వేలు పొడిచి చూస్తే షుగరు బాగా పడిపోయి ఉంది. నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించింది. కాసేపటికి ఆవిరక్క కళ్లు తుడుచుకుని, బకెట్టు నా ఒళ్లోకి ఎలా వచ్చిందని అడిగింది.

నర్సు చెప్పిందేమిటంటే, షుగరు పడితే కొందరికి ఇలా చిరాకొస్తుంది అని. మొగుడికి అర్థమైందేమిటంటే, చిరాకొస్తే షుగరు పడినట్టే అని. ముప్పై ఏళ్లుగా తనకు కొరుకుడుపడని పెళ్లాం స్వభావానికి ఇంత సులువైన మందు ఉందని తెలిసి ఆయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. తెల్లవారగానే చెల్లెలికి చెప్పాడు.

ఆ చెల్లెలు కూడా లాండ్రీలోనే పనిచేసేది. అన్నిటికంటే పెద్ద రోలర్ దగ్గర తడిదుప్పటి అంచులు సవరించి లోపలికి అందించే పని ఆమెది. వదినంటే ప్రాణం పెడుతుంది, కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. భోజనాల గంట మోగేలోగా హాలంతటికీ సంగతి చేరిపోయింది. మర్నాటికి ప్రతి ఆడమనిషి జేబులోనూ ఓ చక్కెర పొట్లం.

అక్కణ్ణించి మొదలయ్యాయి ఆవిరక్క అగచాట్లు. మరకపోని బల్లగుడ్డను మడతలో దాచినదాన్ని పట్టుకుని నోరు తెరిస్తే, తెరిచిన నోట్లో చక్కెర పడేది. ఇంట్లో కరెంటు మనిషి మీద కేకేస్తే మొగుడు బిస్కెట్టుతో పరుగెత్తుకొచ్చేవాడు. వద్దంటే, "అదుగో, వద్దనడం కూడా ఒక లక్షణమేనట" అనేవాడు. షుగరు మీటరు పెట్టి చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మీటరు ఇంట్లో బీరువాలో, కొత్త సరుకు కింద జమై, దాని వంతు కోసం ఎదురుచూస్తోంది.

నిజం చెప్పుకోవాలంటే కొన్నిసార్లు వాళ్ల చక్కెర పనిచేసేది కూడా. ఆవిరక్క కాళ్లు తేలిపోయేవి, గుండె దడదడలాడేది, అప్పుడా చక్కెరే నిలబెట్టేది. దాంతో వాళ్ల నమ్మకం ఇంకా గట్టిపడింది. ఏ కోపం తనదో, ఏ కోపం మందుదో చివరికి ఆమెకే తెలియకుండా పోయింది. అదే ఆమెను లోపల్లోపల కుమ్మరిపురుగులా తొలిచేసింది. మనిషికి మాట చెల్లకపోవడం ఒక ఎత్తు. తన మాట మీద తనకే అనుమానం రావడం మరో ఎత్తు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్ద రోలర్ సేఫ్టీ కడ్డీ చెడిపోయింది. రోలర్లకు ముందు అడ్డంగా ఉంటుందది. దుప్పటితోపాటు వేళ్లు గనక లోపలికి వెళ్లబోతే ముందు ఆ కడ్డీకి తగలాలి, తగలగానే మెషీను ఆగాలి. ఇప్పుడు తగిలినా ఆగడం లేదు. రోలర్ల వేడి సంగతి చెప్పనక్కర్లేదు, తడి దుప్పటి ఇటు వెళ్లి అటు వచ్చేలోగా ఎండిపోతుంది. ఆవిరక్క మేనేజరు గదికి వెళ్లింది.

మేనేజరు మెత్తని మనిషి. ఆయనకు కోపం రాదు, పనీ కాదు. ఆమె మాట పూర్తికాకుండానే సొరుగు లాగి పిప్పరమెంటు తీశాడు.

"ముందు ఇది చప్పరించక్కా. తర్వాత మాట్లాడుకుందాం."

ఆమె చప్పరించలేదు. బల్లమీద విసిరికొట్టింది. అలా విసరడం కూడా లక్షణాల్లోకే వెళ్లింది. తర్వాత ఎప్పుడూ మాట్లాడుకోలేదు. రెండోసారి వెళ్తే ఆయన కుర్చీ వేయించి, నీళ్లు తెప్పించి, ఇంటికెళ్లి పడుకోమన్నాడు. మెకానిక్‌ను పిలిస్తే పూటంతా మెషీను ఆపాలి, హోటళ్లవాళ్లు ఊరుకోరు. ఆ ముక్క ఆయన చెప్పలేదు. చెప్పే అవసరం చక్కెర తప్పించింది. పూర్వం ఆవిరక్క గొంతు లేస్తే ఈ గదిలో కాగితాలు కదిలేవి. ఇప్పుడు ఆయన కంట్లో జాలి కనిపించింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, కాదన్నందుకు కాక ఆ జాలికి ఆమె ఒళ్లు మండిపోయింది.

ఆ వారంలోనే ఆడపడుచు జాకెట్టు చేయి రోలర్లో పడింది. పక్కనున్న ఆమె వెనక్కి గుంజబట్టి గుడ్డ చిరిగి చేయి బయటపడింది. మోచేతి దాకా ఎర్రగా కమిలింది గాని ఎముక దక్కింది. ఆవిరక్క ఆ చేతిని నీళ్లకింద పట్టుకుని నోటికొచ్చినట్టు తిడుతుంటే, ఆడపడుచు రెండో చేత్తో జేబులోంచి పొట్లం తీసింది.

"ఒక్క పలుకు వేసుకో వదినా. వణుకుతున్నావు."

ఆవిరక్క ఆ పొట్లాన్ని లాక్కుని మురుక్కాలవలో పడేసింది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సిన రోజు. పరీక్షలో షుగరు ఆకాశంలో ఉంది. పిప్పరమెంట్లు, బిస్కెట్లు, పొట్లాలు ఊరికే పోతాయా. డాక్టరమ్మ ఇన్సులిన్ మోతాదు పెంచుదామని పెన్ను తీసింది. ఆవిరక్క ఒక్కసారిగా భగ్గుమంది. బకెట్టుతో మొదలుపెట్టి పిప్పరమెంటు దాకా, కాలిన చేతిదాకా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. మొగుడి చేయి అలవాటుగా జేబులోకి వెళ్లింది. డాక్టరమ్మ ఆ చేతిని చూసింది, పెన్ను కింద పెట్టేసింది.

ఆవిడ అడిగిన ప్రశ్నలు కొన్నే. ఎప్పుడెప్పుడు పడుతోంది, అప్పుడు మీటరు ఏం చూపించింది, పొద్దున ఏ మాత్రలు వేసుకుంటోంది. మూడోదానికి మొగుడు సంచీలోంచి షీట్లు తీసి వరసగా పేర్చాడు. చిన్న మాత్రల షీటు కూడా వాటిల్లో ఉంది.

"ఇది ఆపమన్నానుగా."

"ఆపుతామండీ. ఇంకా కొంచెం స్టాకుంది. అయిపోగానే ఆపుదామని..." అన్నాడాయన, ఏ లోటూ రాకుండా గోడౌను అప్పజెప్పిన మనిషిలా.

డాక్టరమ్మకు కోపం వచ్చింది. ఆవిడ నోట్లో చక్కెర పోసేవాళ్లెవరూ లేరు కాబట్టి పూర్తిగా వచ్చింది. ఈ చిన్న మాత్ర ఒకపక్క, ఇన్సులిన్ ఒకపక్క కింది నుంచి గుంజుతుంటే, మీరంతా పైనుంచి చక్కెర పోస్తున్నారు, బావిలో చేదలా ఈ మనిషిని పైకీ కిందికీ ఆడిస్తున్నారు, నేను చూసుకోకుండా మోతాదు పెంచి ఉంటే ఏమయ్యేదో తెలుసా అని అడిగింది. ఆయన తలొంచుకున్నాడు. డాక్టరమ్మ మోతాదు పెంచలేదు. లావు మాత్ర, ఇన్సులిన్ అలాగే ఉండాలి. చిన్నది చెత్తబుట్టలోకి. తేడాగా అనిపిస్తే ముందు వేలు పొడిచి చూడాలి. డెబ్బైకి తక్కువుంటేనే చక్కెరనీళ్లు, పావుగంట ఆగి మళ్లీ చూడాలి, కుదుటపడ్డాక ఏదైనా తినాలి. చూసే వీల్లేనప్పుడు మాత్రం చక్కెర ఇవ్వొచ్చు. అంతేగాని మనిషి నోరు తెరిచిందల్లా లక్షణం కాదు.

ఇంటికి వచ్చేదాకా ఆవిరక్క మాట్లాడలేదు. వచ్చాక కూడా మాట్లాడలేదు. ఆమె నోరు మూసుకోవడం ఆయన ఎన్నడూ ఎరగడు, దానికి ఏ మందు వెయ్యాలో తెలియక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున లేచి ఆయనే టిఫిను చేశాడు, ఎన్నడూ లేంది, ఆ రోజుది ఆ రోజే. ఆమె అటు చూడలేదు. బీరువాలోంచి మీటరు తీసి సంచిలో వేసుకుంది. రోజూలాగే సూది వేసుకుంది, లావు మాత్ర మింగింది, అలిగి ఒక్క ముద్ద తినకుండా బయల్దేరింది.

చూశారా, డాక్టరమ్మ చెప్పిందాన్ని మొగుడు ఒకలా తప్పితే ఆమె ఇంకోలా తప్పింది. కాపురం అన్నాక అలాంటివి కలుస్తూ ఉంటాయి.

హాల్లోకి వెళ్లి నేరుగా పెద్ద రోలర్ ముందు నిలబడింది. ఆడపడుచు చేతికి కట్టుతోనే పనికొచ్చింది. మేనేజరును అక్కడికే పిలిపించింది. ఆయన వచ్చాడు, జేబు సర్దుకుంటూనే వచ్చాడు. హాల్లో ఆడవాళ్లంతా మడతలు వదిలేసి చుట్టూ చేరారు.

"ఇవాళ నా కోపం మందు వల్ల వచ్చింది కాదు. మీ అందరి ముందూ చూపిస్తా. షుగరు సరిగ్గా ఉందంటే, సారూ, మీరు మెషీను ఆపించాలి" అని ఆవిరక్క మీటరు పైకెత్తింది. వేలు పొడుచుకుంది. నెత్తుటిచుక్క పట్టీకి తాకించింది. మీటరు ఆలోచిస్తున్నంత సేపూ ఆమె మేనేజరు కళ్లలోకే చూసింది.

యాభై ఎనిమిది.

ఆ అంకెను ముందు ఆడపడుచు చూసింది, తర్వాత అందరూ చూశారు. ఎవరో వెనక కిసుక్కుమన్నారు. ఆవిరక్కకు అప్పుడు తెలిసింది తన మెడ వెనక చెమట కారుతోందని, మోకాళ్లు దూదిలా ఉన్నాయని. పుట్టి బుద్ధెరిగాక ఇంత నామర్దా ఎన్నడూ పడలేదు. మేనేజరు మొహంలో ఆ జాలి మళ్లీ విచ్చుకుంది. అక్కను కూర్చోబెట్టండి, చక్కెర ఇవ్వండి, అందరూ పనిలోకి వెళ్లండి అని మెత్తగా చెప్పి వెనుదిరిగాడు.

ఆడపడుచు గ్లాసులో చక్కెరనీళ్లు తెచ్చింది. ఆవిరక్క ఈసారి మురుక్కాలవలో పొయ్యలేదు. గటగటా తాగి, మూతి తుడుచుకుని, దుప్పట్ల మూట మీద చతికిలబడింది.

"సారూ, ఎక్కడికి?" అంది. గొంతు పీలగా వచ్చింది గాని వచ్చింది. "పావుగంట ఆగండి. నేను మింగింది చక్కెర. మాట కాదు."

మేనేజరు ఆగాడు. ఆగకుండా వెళ్లేవాడే, కాని ఆడవాళ్లెవరూ కదల్లేదు, దారి లేదు. మెషీను ఖాళీగా తిరుగుతూనే ఉంది. ఆవిరక్క కళ్లు మూసుకుని గోడకు చేరగిలబడి, తన లోపల ఏది తగ్గుతుందో ఏది తగ్గదో చూసుకుంటూ కూర్చుంది. ముందు వణుకు తగ్గింది. తర్వాత దడ తగ్గింది. చెమట ఆరింది. ఏడుపులాంటిదేదో గొంతులో ఉన్నది కూడా కరిగిపోయింది. అన్నీ పోయాక అడుగున ఇంకొకటి మిగిలింది. అది చెక్కుచెదరకుండా, వేడిగా, తేటగా, ఉన్నచోటే ఉంది. ఎన్ని నెలలకో దాన్ని ఆమె గుర్తుపట్టింది.

మళ్లీ వేలు పొడుచుకుంది. నూట నాలుగు. అంకెను ఆడపడుచు పైకి చదివింది.

ఆవిరక్క లేచింది. అరవలేదు. ఆమె అరవకపోవడంతో హాలు ఇంకా బిగుసుకుపోయింది.

"ఇందాక నా షుగరు పడింది. నిజమే, తినకుండా వచ్చాను, అది నా తప్పు. ఇందాకా ఈ కడ్డీ చెడిపోయే ఉంది, ఇప్పుడూ చెడిపోయే ఉంది. దీనికి ఎన్ని చెంచాలు పోస్తారు?" అని, పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది. "దీనికేమీ కానట్టే ఊరుకున్నారుగా మీరు. రండి. దుప్పటి నేను పడతా. మీ వేళ్లు కడ్డీకి ఆనించండి. ఆగితే నేను ఇంటికెళ్లి పడుకుంటా."

మేనేజరు రోలర్ల వైపు చూశాడు. ఆవిరి మొహానికి కొట్టింది. ఆడపడుచు తన కట్టు చేతిని రొమ్ముకు ఆనించుకుని ఆయన పక్కన నిలబడింది. ఆయన చేయి జేబులోంచి బయటికొచ్చింది, కొంచెం ముందుకు వెళ్లింది, కడ్డీకి జానెడు దూరంలో ఆగిపోయింది. ఆ చేతిని అంతమంది చూస్తుండగా ముందుకు తోయనూ లేక, వెనక్కి తీసుకోనూ లేక, చివరికి పైకెత్తి గోడమీది స్విచ్చు ఆపేశాడు. మెకానిక్‌కు ఫోను చేస్తానని గొణిగాడు. ఇక్కడే చెయ్యండి, మాకూ వినాలనుందని వెనకనుంచి ఎవరో అన్నారు. ఇక్కడే చేశాడు.

రోలర్లు నెమ్మదిగా నిలిచిపోయాయి. ఆడవాళ్లు మడతల బల్లలకు చేరారు. ఆడపడుచు వదిన దగ్గరికొచ్చి, జేబులోని పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టింది. నీ దగ్గరే ఉంచుకో, ఇంక నేను నీ నోట్లో పొయ్యనంది. పొయ్యకపోయినా, నేను వణుకుతుంటే మీటరు చూడమని గుర్తుచెయ్యాలి సుమా అని ఆవిరక్క కసిరింది.

అంతలో గేటు దగ్గర మొగుడు కనిపించాడు. చేతిలో టిఫిను డబ్బా, నుదుట చెమట. ఆమె తినకుండా వెళ్లిన సంగతి ఖాళీ కాని గిన్నె చూశాక తెలిసి, సూది గుర్తొచ్చి, ఆ వయసులో పరుగెత్తుకొచ్చాడు. ఆవిరక్క డబ్బా లాక్కుని, మెట్టుమీద కూర్చుని, తింటూనే మొదలుపెట్టింది. తన ప్రాణం ఆయనకు పాత సరుకులా కనిపించిందా అంది. డాక్టరమ్మ మాటకన్నా గోడౌను లెక్క ఎక్కువైందా అంది. తను నోరు తెరిచినప్పుడల్లా చక్కెర పోసి, ఊరందరి ముందూ పిచ్చిదాన్ని చేశాడంది. ముద్ద ముద్దకీ మధ్య ఒక మాట, మాట మాటకీ ఇంకాస్త వేడి.

ఆయన చేయి జేబుదాకా వెళ్లింది. అక్కడే ఆగింది.

"చూసుకున్నావా?" అని అడిగాడు.

"చూసుకున్నా. నూట నాలుగు."

ఆయన జేబులోంచి చేయి తీసేసుకుని, మెట్టు తుడుచుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"అయితే నిజం కోపమే," అన్నాడు. "కానియ్యి."

ఆమె కానిచ్చింది. ఆయన చివరిదాకా విన్నాడు.